జనవరిలో మొలాసిస్

అమెరికాలో మరీ నత్తనడక మనిషిని 'జనవరిలో మొలాసిస్' అని వెక్కిరిస్తారు. చలికి ముదిరిపోయి సీసా బోర్లించినా దిగదు కాబట్టి. నేనుంటున్న బోస్టన్‌లో సరిగ్గా జనవరిలోనే ఆ మొలాసిస్ 21 మందిని పొట్టన పెట్టుకుంది.

తణుకు, సామర్లకోట వైపు వాళ్ళకి మొలాసిస్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. పంచదార తీసేశాక మిగిలే నల్లటి మడ్డి, డిస్టిలరీకి పోయే సరుకు. ఇక్కడ అది రాజకీయం కూడా నడిపింది. కరీబియన్ దీవుల్లో బానిసలు నరికిన చెరకు మడ్డి ఓడల్లో వచ్చేది, ఇక్కడివాళ్ళు దాంతో రమ్ము కాచేవారు, ఆ రమ్ము ఇచ్చి ఆఫ్రికాలో మళ్ళీ మనుషుల్ని కొనేవారు. 1733లో బ్రిటిష్ పార్లమెంటు పరాయి దీవుల మొలాసిస్ మీద గాలనుకి ఆరు పెన్నీల సుంకం వేస్తే, కట్టకుండా దొంగచాటుగా దింపుకున్నారు. 1764లో సుంకం సగానికి తగ్గించి, ఈసారి నిజంగానే వసూలు చేస్తామనేసరికి గొడవైంది. మనం స్కూల్లో తేయాకు పెట్టెల కథ చదువుకున్నాం గానీ, నిప్పు అంతకు ముందే రాజుకుంది. స్వాతంత్ర్యంలో మొలాసిస్ పాత్ర ఒప్పుకోడానికి సిగ్గెందుకని అమెరికా అధ్యక్షుడిగా చేసిన జాన్ ఆడమ్స్ అంతటివాడే తర్వాత రాశాడు.

మొదటి ప్రపంచయుద్ధంలో మందుగుండుకి ఆల్కహాలు కావలసొచ్చింది. 1915లో ప్యూరిటీ డిస్టిల్లింగ్ కంపెనీ బోస్టన్ నార్త్ ఎండ్ రేవు పక్కన మొలాసిస్ నిల్వకి 50 అడుగుల ఎత్తు, 90 అడుగుల వెడల్పున్న ఉక్కు ట్యాంకు హడావుడిగా లేపింది. చుట్టూ ఇటలీ నుంచి వలసొచ్చిన బీదాబిక్కీ కాపురాలు. అక్కడే ఎందుకు కట్టారో వేరే చెప్పాలా? పని చూసుకున్నాయన జమాఖర్చుల మనిషి, ప్లాను చదవడం రాదు. నిండా నీళ్ళు నింపి చూడాల్సింది పోయి, ఆరంగుళాలు పోసి సరే అనిపించాడు. అతుకుల్లోంచి కారుతుంటే పిల్లలు డబ్బాలు తెచ్చి పట్టుకెళ్ళేవారు. కంపెనీవాళ్ళు మాత్రం చారలు కనపడకుండా ట్యాంకుకి గోధుమరంగు వేయించారు!

1919 జనవరి 15, మధ్యాహ్నం పన్నెండున్నర దాటాక పగిలింది. 23 లక్షల గాలన్లు. 25 అడుగుల అల, గంటకి 35 మైళ్ళ వేగం. ఇళ్ళని పునాదుల మీంచి ఊడబెరికింది, ఎత్తున వేసిన రైలుదారి ఉక్కు స్తంభాన్ని వంచేసింది. చిక్కటిది మెల్లగా పోతుందనుకుంటాం గానీ, అంత ఎత్తునుంచి అంత బరువు విరుచుకుపడితే చిక్కదనం ఏమీ ఆపలేదు. చిక్కదనం దెబ్బ తర్వాత తెలిసింది. రెండు రోజుల కిందటే దీవుల నుంచి దిగిన సరుకు కాస్త వెచ్చగా, పలచగా ఉంది. వీధిలో పడి చలి తగిలాక, అరిసెల పాకం ఆరినట్టు బిగుసుకుంది. అందులో పడ్డవాళ్ళు కాళ్ళు చేతులు ఆడించినకొద్దీ కూరుకుపోయారు. కూలిన ఫైర్‌స్టేషన్ కింద ఇరుక్కున్న ఉద్యోగి ఒకాయన గంటలకొద్దీ తల పైకెత్తి పట్టుకుని, ఓపిక అయిపోయాక మునిగిపోయాడు. మంచినీళ్ళకి వదలకపోతే సముద్రపు నీళ్ళు కొట్టి వీధులు కడిగారు.

ఇది అరాచకవాదుల బాంబు పని అని కంపెనీ వాదించింది. ఇటలీవాళ్ళ పేట కదా, అరాచకవాదులంటే వాళ్ళేనని అనుకునే రోజులు, నమ్మేవాళ్ళూ దొరికారు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, 1925లో తప్పు ట్యాంకుదేనని తేలింది, పరిహారం కట్టారు. కట్టడాల ప్లాన్ల మీద ఇంజనీరు సంతకం ఉండాలని ఈ రాష్ట్రం పట్టుబట్టింది ఆ తర్వాతే.