పిండిమర పెట్టిన పేరు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



పెళ్ళితో ఆడపిల్లకు మారేవాటిలో మొదటిది ఇంటిపేరు. పుట్టింట్లో ఒకటి, అత్తింట్లో ఒకటి. శుభలేఖ మీద ఒకటి, ఆ తర్వాత రేషను కార్డు మీద ఇంకొకటి. మనతో ఇంత పేచీ ఉన్న ఈ ఇంటిపేరు అసలు ఎక్కణ్ణుంచి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లలో ఊళ్ళ పేర్లే ఎక్కువ. పూర్వులు ఏ ఊరి నుంచి వచ్చారో ఆ ఊరే ఇంటిపేరయింది. జర్మనీలో వరస వేరు. అక్కడ ఎక్కువమందికి ఉన్న ఇంటిపేర్లన్నీ దాదాపు పనుల పేర్లే. వాటిలో అగ్రతాంబూలం 'ముల్లర్' అనే పేరుది. ఈ వేళ ఆ పేరు కథ చెప్పుకుందాం.

ముల్లర్ అనగానే మీకు మాక్స్ ముల్లర్ గుర్తొచ్చే ఉంటాడు. ఋగ్వేదాన్ని సాయణ భాష్యంతో సహా 1849 నుంచి 1874 దాకా ఆరు సంపుటాలుగా అచ్చువేయించిన జర్మన్ పండితుడాయన. సాయణాచార్యులు విజయనగర రాజుల కొలువులో ఉన్నవారు కనుక మనకీ ఆ పుస్తకానికీ కొంచెం చుట్టరికం కూడా ఉంది. మాక్స్ ముల్లర్ సంస్కృతంలో తన పేరు 'మోక్షమూలర భట్టు' అని వేసుకునేవాడు. తానున్న ఆక్స్‌ఫర్డ్ ఊరిని 'గోతీర్థం' చేశాడు. వినడానికి ఎంత గంభీరంగా ఉందో చూడండి! కానీ ముల్లర్ అన్న మాటలో మోక్షమూ లేదు, మూలమూ లేదు. పిండిమర నడిపేవాడు అని అర్థం. అంతే.

మరి పిండిమర నడిపేవాడి పేరు అంత గొప్పగా ఎలా వ్యాపించింది? అది తెలియాలంటే తిరగలి దగ్గర మొదలుపెట్టాలి.

గింజను పిండి చెయ్యడం అనాదిగా ఆడవాళ్ళ పని. మన అమ్మమ్మలు తెల్లవారుజామున లేచి తిరగలి విసిరినట్టే, ఐరోపాలోనూ ఇల్లాళ్ళు చేతి తిరగళ్ళ ముందు కూర్చుని రై, బార్లీ, గోధుమ విసిరేవారు. అక్కడ రొట్టె లేకపోతే పూట గడవదు. పిండి లేకపోతే రొట్టె లేదు. నీటి ఉరవడితో చక్రం తిప్పి, ఆ చక్రంతో రాయి తిప్పే మరను రోమనులు అక్కడికి తెచ్చారు. మధ్యయుగాల్లో అవి వాగు వాగుకీ వెలిశాయి. నలుగురైదుగురు ఆడవాళ్ళు పొద్దస్తమానం విసిరే గింజను వాగు నీళ్ళు కాసేపట్లో పిండి చేసి పెట్టాయి. రెక్కలు ముక్కలయ్యే పని తప్పినందుకు ఆ తల్లులు ఎంత సంతోషించారో మీరే ఊహించుకోండి.

అయితే మర కట్టడం మాటలు కాదు. వాగుకి ఆనకట్ట వెయ్యాలి, కాలువ తవ్వాలి, రాళ్ళు తెప్పించాలి. అంత పెట్టుబడి పెట్టగలవాడు భూస్వామి, లేకపోతే మఠం. పెట్టినవాడు ఊరుకుంటాడా? 'నా ఏలుబడిలో ఉన్నవాళ్ళు నా మరలోనే పిండి పట్టించుకోవాలి' అని చాలాచోట్ల కట్టడి చేశాడు. ప్రష్యా రాజ్యంలో ఈ నిర్బంధం 1810లో గానీ పోలేదు. మర నడిపే ముల్లరుకు కూలి డబ్బు రూపంలో కాదు, గింజ రూపంలో ముట్టేది. చాలాచోట్ల పదహారో వంతు. కొలిచేదీ అతడే, తీసుకునేదీ అతడే. మన పిండిమర దగ్గర 'తరుగు ఎంత తీశావయ్యా' అని మనం పేచీ పెట్టుకుంటామే, ఆ పేచీ అక్కడ వందల ఏళ్ళు సాగింది. ముల్లరంటే దొంగ అని సామెతలు పుట్టాయి. కొన్నిచోట్ల చేతిపనివాళ్ళ సంఘాలు ముల్లరు కొడుకును తమలో చేర్చుకునేవి కావు. అలా వెలివేయకూడదని 1548లో సామ్రాజ్య చట్టంలో ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే పరిస్థితి ఎంత ముదిరిందో చూడండి!

ఇక పేరు సంగతి. మొదట్లో జర్మనీలో మనిషికి ఒక్కటే పేరు. ఊళ్ళో నలుగురు పీటర్లు, ఆరుగురు యోహాన్‌లు. ఊళ్ళు పెరిగి, పట్నాలు ఏర్పడ్డాక 'ఏ పీటరు?' అన్న ప్రశ్న వచ్చింది. 'మర పీటరు', 'కొలిమి పీటరు', 'వాగొడ్డు పీటరు' అని ఇరుగుపొరుగులే తేల్చారు. ఈ రెండో పేరు 12వ శతాబ్దంలో పశ్చిమాన, దక్షిణాన ఉన్న పట్నాలలో మొదలై, మెల్లగా ఉత్తరానికీ తూర్పుకూ, పల్లెలకూ పాకింది. మొదట తండ్రికి ఒకటి, కొడుకుకి ఒకటిగా మారిపోతూ ఉండేది. పన్నుల పద్దుల్లో, 16వ శతాబ్దం నుంచి చర్చి పుస్తకాల్లో పెళ్ళిళ్ళూ పుట్టుకలూ రాయడం మొదలయ్యాక అది కదలకుండా గడ్డకట్టింది. 1876 నుంచి జర్మనీ అంతటా ప్రభుత్వమే పుట్టుక, పెళ్ళి, చావు నమోదు చెయ్యడంతో ఇక మార్చుకుందామన్నా వీలు లేకపోయింది.

ఇక్కడ కాస్త ఆగండి. అప్పట్లో జర్మనీలో నూటికి ఎనభై తొంభైమంది రైతులే కదా? రైతుకి జర్మన్ మాట 'బవర్'. న్యాయంగా ఆ పేరే దేశంలో మొదటిది కావాలి. కాలేదు. ఇవాళ్టి లెక్కల్లో అది మొదటి పదిలో కూడా లేదు. ఎందుకంటే ఊరంతా రైతులే అయినప్పుడు 'రైతు పీటరు' అంటే ఎవరని తెలుస్తుంది? ముల్లరు అయితే ఊరికి ఒక్కడు. కొన్నిచోట్ల నాలుగూళ్ళకు ఒక్కడు. 'మర పీటరు' అంటే ఇంకెవరూ కాదు, అతడే. అందరూ చేసే పనికి పేరు రాదు. ఒక్కడు చేసే పనికే పేరొస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇంతకీ ఈ మాట ఎలా పలకాలో తెలుసా? 'ఉ' అనబోతున్నట్టు పెదవులు గుండ్రంగా చుట్టి, 'ఇ' అనండి. అదీ ముల్లర్‌లోని మొదటి అచ్చు. పెదవులు చుట్టకుండా వదిలేస్తే 'మిల్లర్' అవుతుంది. బవేరియా ప్రాంతం వాళ్ళు అలాగే వదిలేశారు, అలాగే రాసుకున్నారు. ఉత్తరాది వాళ్ళది 'మొయెలర్'కి దగ్గరగా ఉంటుంది. చదువుకున్న కొందరు పిండిమర పేరు నామోషీ అనుకున్నారు కాబోలు, లాటిన్‌లోకి మార్చి 'మోలిటోర్' అని పెట్టుకున్నారు. అర్థం మాత్రం అదే! ఊళ్ళో రెండు మరలుంటే ఎగువ మరవాడు 'ఓబర్‌ముల్లర్', దిగువ మరవాడు 'నీడర్‌ముల్లర్', కొత్త మరవాడు 'నోయ్‌ముల్లర్'. అమెరికా వలస వెళ్ళిన ముల్లర్లు చాలామంది అక్కడ ఇంగ్లీషు 'మిల్లర్'లలో కలిసిపోయారు.

ఇవాళ జర్మనీలో ముల్లర్లు సుమారు 7 లక్షలమంది. అంటే నూటికి ఇంచుమించు ఒకరు. పొరుగున ఉన్న స్విట్జర్లాండ్‌లోనూ మొదటి స్థానం ఈ పేరుదే. జర్మనీలో తర్వాతి వరస చెబుతాను, వినండి: ష్మిట్ అంటే కమ్మరి, ష్నైడర్ అంటే దర్జీ, ఫిషర్ అంటే చేపలు పట్టేవాడు, వేబర్ అంటే నేతగాడు, మేయర్ అంటే భూస్వామి తరఫున సేద్యం చూసేవాడు, వాగ్నర్ అంటే బండ్లు చేసేవాడు, బెకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, షుల్ట్స్ అంటే మన గ్రామ మునసబులాంటివాడు, హోఫ్‌మన్ అంటే దివాణం భూముల మనిషి. పదికి పదీ పనులో, హోదాలో. ఒక ఊరు ఊరంతా బారులు తీరి నిలబడినట్టు లేదూ!

ఇందులో ఒక తమాషా ఉంది. నిజానికి కమ్మరులే ఎక్కువ. కానీ ఆ పేరును ఒకచోట ష్మిట్ అనీ, ఒకచోట ష్మిట్స్ అనీ, ఒకచోట ష్మీడ్ అనీ రకరకాలుగా రాసుకున్నారు. అన్నీ కలిపితే ముల్లర్‌ను దాటిపోతారు. విడిగా లెక్కపెడతారు కనుక రెండో స్థానంలో ఉండిపోయారు. గుమాస్తా చేతిరాత ఒక పేరు అదృష్టాన్ని ఎలా మార్చిందో చూశారా?

పేరు గడ్డకట్టాక పనికీ పేరుకీ సంబంధం తెగిపోయింది. మన మాక్స్ ముల్లర్ తాత పిండిమర తొక్కనైనా తొక్కలేదు. ఆయన దెస్సా పట్నంలో దర్జీ. పేరేమో మరవాడిది, చేసేదేమో కుట్టుపని! ఆ దర్జీ కొడుకు విల్‌హెల్మ్ ముల్లర్ కవి అయ్యాడు. మరలో పనిచేసే కుర్రవాడు యజమాని కూతుర్ని ప్రేమించడం మీద వరసగా పాటలు రాశాడు. షూబర్ట్ అనే సంగీతకర్త 1823లో వాటికి బాణీలు కట్టాడు. ఆ విల్‌హెల్మ్ కొడుకే మాక్స్. తన పేరు మరీ ఊరుమ్మడిగా ఉందని 'మాక్స్' అన్న సొంత పేరును కూడా ఇంటిపేరులో కలిపేసుకున్నాడు. లేకపోతే లక్షల ముల్లర్లలో ఈయన్ని పోల్చుకోవడం ఎలా? మొదట పీటర్లను విడదీయడానికి పుట్టిన పేరు, చివరికి తనకే ఇంకో గుర్తు కావలసినంతగా పెరిగిపోయింది.

ఇక మన సంగతికి వద్దాం. ఈ పేర్లలో ఆడవాళ్ళెక్కడ?

పూర్వం ముల్లర్ భార్యనూ కూతురినీ 'ముల్లరిన్' అనేవారు. పేరు చివర 'ఇన్' చేర్చడం 18వ శతాబ్దం దాకా వాడుకలో ఉంది. షిల్లర్ అనే మహాకవి 1784 నాటి తన నాటకానికి మొదట 'లూయిజె మిల్లరిన్' అనే పేరు పెట్టాడు. అంటే మిల్లర్ గారి అమ్మాయి లూయిజె. ఆ తర్వాత ఆ చిన్న తోక కూడా రాలిపోయింది. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన కథల్లో ఒకటి మీ పిల్లలు చదివే ఉంటారు. మర యజమాని ఒకడు, తన కూతురు గడ్డిని బంగారంగా వడుకుతుందని రాజు దగ్గర బడాయి కొడతాడు. ఒక మరుగుజ్జు వచ్చి ఆమెకు సాయం చేసి, తన పేరు కనుక్కోకపోతే బిడ్డనిచ్చెయ్యాలంటాడు. కథంతా ఆ మరుగుజ్జు పేరు చుట్టూ తిరుగుతుంది. అంత కష్టపడి, రాణి అయి, బిడ్డను కాపాడుకున్న ఆ అమ్మాయికి మాత్రం కథలో పేరే లేదు. మరవాడి కూతురు, అంతే!

ఇప్పుడు ఇందాక గుర్తుంచుకోమన్న మాట తీయండి. అందరూ చేసే పనికి పేరు రాదు. తిరగలి విసరడం ప్రతి ఇల్లాలూ చేసినంతకాలం 'విసిరేవాళ్ళు' అన్న ఇంటిపేరు పుట్టలేదు. అదే పని ఒక మగవాడు మర పెట్టి, కూలి తీసుకుని చేసేసరికి దేశంలో మొదటి పేరు పుట్టింది. నూలు వడకనిదే నేత లేదు. ఆ వడికేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. అయినా నేతగాడి పేరు వేబర్ ఐదో స్థానంలో ఉంటే, వడికే పని పేరు మొదటి వరసల్లో కనిపించదు. క్షయ సూక్ష్మజీవిని 1882లో కనిపెట్టిన రాబర్ట్ కాక్ ఇంటిపేరుకి అర్థం వంటవాడు. ఆ పేరు రోజుకి రెండుపూటలా పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలి వల్ల రాలేదు. దివాణంలోనో మఠంలోనో జీతానికి వండినవాడి వల్ల వచ్చింది.

పెళ్ళి తర్వాత పేరు సంగతి కూడా చెప్పాలి. 1900లో అమల్లోకి వచ్చిన జర్మన్ చట్టం భార్య భర్త పేరే పెట్టుకోవాలంది. పశ్చిమ జర్మనీలో 1958 నుంచి పుట్టింటి పేరును పక్కన చేర్చుకోనిచ్చారు. 1976లో ఇద్దరిలో ఎవరి పేరైనా కుటుంబానికి పెట్టుకోవచ్చన్నారు, కానీ మాట కుదరకపోతే భర్త పేరే ఖాయం. ఇది సమానత్వం కాదని 1991లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. 1994 నుంచి ఎవరి పేరు వాళ్ళు ఉంచుకోవచ్చు. 2025 మే 1 నుంచి భార్యాభర్తలిద్దరూ రెండు పేర్లనూ కలిపి పెట్టుకునే వీలు కూడా వచ్చింది. ఒక్క చిన్న వీలు కోసం నూట పాతికేళ్ళు పట్టింది.

రుమేనియాలోని జర్మన్ కుటుంబంలో పుట్టిన హెర్టా ముల్లర్ అనే రచయిత్రికి 2009లో సాహిత్యంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఎన్నో తరాల కిందట ఏ వాగొడ్డునో ఒక మర మనిషికి ఇరుగుపొరుగులు పెట్టిన పేరు, ఒక ఆడమనిషి రాసిన రాతతో ప్రపంచమంతా వినబడింది.

ఈసారి పిండిమర దగ్గర వరసలో నిలబడ్డప్పుడు మీ పుట్టింటి పేరు ఒకసారి గుర్తు చేసుకోండి. ఆ పేరు ఏ ఊరిదో, ఏ పనిదో మీ అమ్మనో, మేనత్తనో అడిగి, ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మన పిల్లలకు తండ్రివైపు పేరు ఎలాగూ తెలుస్తుంది. రెండోవైపు పేరు మనం చెబితేనే తెలుస్తుంది.

సెలవు.