ఒకే కారు, రెండు రూపాలు: పాంటియాక్ జీటీఓ చరిత్ర

కారు కొనడానికి వెళ్ళినప్పుడు ఒకే పేరు, ఒకే ఆకారం ఉన్న కారుకు రెండు మూడు ధరలు చెప్పడం మీరు చూసే ఉంటారు. మామూలు రకానికి ఒక ధర, పై రకానికి మరో ధర. అదనంగా ఇచ్చిన డబ్బుకు మనకు దక్కేదేమిటి, దక్కనిదేమిటి? ఈ ప్రశ్నను చరిత్ర వెలుగులో పరిశీలించడానికి ఒక మంచి ఉదాహరణ ఉంది. అది అమెరికాలో 1964 మోడల్‌గా వెలువడిన పాంటియాక్ జీటీఓ. మధ్యరకం కారులో పెద్ద కారు ఇంజనును అమర్చి, యువకులకు అందుబాటు ధరలో అమ్మిన కార్లను అక్కడ 'మజిల్ కార్లు', అంటే కండబలం ఉన్న కార్లు అన్నారు. ఆ ఒరవడికి జీటీఓ నాంది పలికిందని చాలామంది భావిస్తారు.

నిషేధం నుంచి పుట్టిన ఆలోచన

పాంటియాక్ అనేది జనరల్ మోటార్స్ సంస్థలో ఒక విభాగం. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ యాజమాన్యం తన విభాగాలన్నీ కారు పందేలకు దూరంగా ఉండాలని ఆదేశించింది. పందేలలో గెలిచిన పేరుతోనే అమ్మకాలు పెంచుకున్న పాంటియాక్‌కు ఇది పెద్ద దెబ్బ. అప్పుడు ఆ విభాగాధిపతి పీట్ ఎస్టెస్. ప్రధాన ఇంజనీరు జాన్ డెలోరియన్.

ఆ రోజుల్లో వారు టెంపెస్ట్ అనే మధ్యరకం కారును కొత్తగా రూపొందిస్తున్నారు. దానికి పెట్టదలచిన 326 ఘనపు అంగుళాల, అంటే సుమారు 5.3 లీటర్ల ఇంజనుకూ, పెద్ద పాంటియాక్ కార్లలో వాడే 389 ఘనపు అంగుళాల, అంటే 6.4 లీటర్ల ఇంజనుకూ బయటి కొలతలు ఒక్కటే. ఒకటి పట్టే చోట రెండోది కూడా పడుతుంది. బిల్ కాలిన్స్ అనే ఇంజనీరు ఈ సంగతిని డెలోరియన్ దృష్టికి తెచ్చారు.

అయితే మరో అడ్డంకి ఉంది. మధ్యరకం కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదన్నది సంస్థ నియమం. పాంటియాక్ వారు దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. జీటీఓను కొత్త మోడల్‌గా ప్రకటించకుండా, టెంపెస్ట్ శ్రేణిలోని లెమాన్స్ కారుకు కొనుగోలుదారు కోరి తీసుకునే అదనపు సామగ్రిగా చేర్చారు. కొత్త మోడల్‌కు పైవారి అనుమతి కావాలి గాని, అదనపు సామగ్రికి అక్కరలేదు. అంటే పుట్టినప్పుడు జీటీఓ ఒక ప్రత్యేకమైన కారు కాదు, ఆర్డరు ఫారంలో ఒక పంక్తి మాత్రమే.

మారినవి ఏమిటి?

1964 టెంపెస్ట్ మామూలు రకంలో ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. దాని శక్తి 140 హార్స్‌పవర్. జీటీఓలోని ఎనిమిది సిలిండర్ల ఇంజను శక్తి 325 హార్స్‌పవర్. మూడు కార్బ్యురేటర్ల ఏర్పాటు కోరుకుంటే 348. అయితే ఒక విషయం గుర్తుంచుకోండి. ఆ కాలంలో ఇంజనును కారు నుంచి వేరుచేసి, మఫ్లర్ వంటివి లేకుండా పరీక్షించేవారు. కనుక ఈ అంకెలను నేటి కార్ల అంకెలతో నేరుగా పోల్చకూడదు.

ఇంజనుతో పాటు గట్టి స్ప్రింగులు, వెడల్పాటి చక్రాలు, ఎర్రగీత ఉన్న టైర్లు, రెండు పొగగొట్టాలు, నేల మీద అమర్చిన గేరు రాడ్డు వచ్చాయి. సుమారు 2,500 డాలర్ల లెమాన్స్ కూపే మీద దీనికంతటికీ అదనంగా చెల్లించవలసింది దాదాపు 296 డాలర్లే. 5,000 కార్లు అమ్ముడైతే గొప్ప అని అమ్మకాల అధికారులు అనుకున్నారు. మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి.

మారనివి ఏమిటి?

మన పాఠంలో ముఖ్యమైన భాగం ఇదే. బానెట్ మీద గాలి పీల్చే రంధ్రాల్లాంటివి కనిపిస్తాయి. 1964 కార్లలో అవి మూసి ఉన్న అలంకారాలే. అది చిన్న విషయం. పెద్ద విషయం బ్రేకులది. 140 హార్స్‌పవర్ కారుకు అమర్చిన 9.5 అంగుళాల డ్రమ్ బ్రేకులే 325 హార్స్‌పవర్ కారుకూ ఉన్నాయి. మెరుగైన లోహపు లైనింగులు కావాలంటే వేరే డబ్బు కట్టాలి.

వేగం రెట్టింపయితే కారులోని గతిశక్తి నాలుగు రెట్లు అవుతుందని మీరు భౌతికశాస్త్రంలో చదివారు. ఆ శక్తినంతా బ్రేకులు వేడిగా మార్చాలి. డ్రమ్ బ్రేకులు మళ్ళీ మళ్ళీ వేడెక్కితే పట్టు తగ్గుతుంది. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు జీటీఓలో 1967 మోడల్ నుంచి గాని దొరకలేదు. అవి కూడా అదనపు ధరకే. పరుగు పెంచే సామాను ముందు వచ్చింది, ఆపే సామాను మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

కొనేవారికి తెలిసిందెంత?

1964 మార్చిలో ఒక ప్రసిద్ధ అమెరికన్ కార్ల పత్రిక జీటీఓను పరీక్షించి, నిలుచున్న చోటు నుంచి గంటకు 60 మైళ్ళ వేగాన్ని 4.6 సెకన్లలో అందుకుందని రాసింది. జీటీఓ ప్రచారం చూసిన జిమ్ వాంగర్స్ చాలా ఏళ్ళ తరువాత అసలు సంగతి బయటపెట్టారు. ఆ కారులో ఉన్నది 389 ఇంజను కాదు, ఇంకా పెద్దదైన 421 ఘనపు అంగుళాల ఇంజను. అంటే పాఠకులు చదివింది మామూలు రకం గురించీ కాదు, తాము కొనగలిగే పై రకం గురించీ కాదు. ఎవరికీ అమ్మని మూడో రకం గురించి.

తరువాతి పరిణామాలు

1966లో జీటీఓ సొంత మోడల్ అయింది. ఆ ఏడాది 96,946 కార్లు అమ్ముడయ్యాయి. అదే సంవత్సరం అమెరికాలో మోటారు వాహనాల భద్రతా చట్టం వచ్చింది. ఆ తరువాత ఇలాంటి కార్లకు బీమా రుసుములు పెరిగాయి. 1970 నాటి కాలుష్య నియంత్రణ చట్టం ఇంజన్ల రూపురేఖలను మార్చింది. 1973లో చమురు సంక్షోభం వచ్చిపడింది. 1974 మోడల్‌తో తొలి జీటీఓ కథ ముగిసింది. 2004లో ఆ పేరు తిరిగి వచ్చినా రెండేళ్ళకే నిలిచిపోయింది. 2010 నాటికి పాంటియాక్ విభాగమే మూతపడింది.

ఆర్డరు ఫారంలోని ఆ పంక్తి ప్రభావం నేటికీ ఉంది. 1964, 1965 కార్ల గుర్తింపు సంఖ్యలో జీటీఓ అని సూచించే అంకె ఏదీ లేదు. అందువల్ల మామూలు లెమాన్స్‌కు పెద్ద ఇంజను, పేరు పలకలు తగిలించి అసలు జీటీఓ అని అమ్మడానికి వీలుంది. తెలిసినవారు బిళ్ళను నమ్మరు. కారు కర్మాగారం విడిచిన నాటి కాగితాలను అడుగుతారు.

ఇంతవరకు చెప్పుకున్నదాన్ని క్రోడీకరిద్దాం. యంత్రంలో ఒక భాగాన్ని బలపరిస్తే దానికి జోడైన భాగాలన్నిటినీ బలపరచాలి. లేకపోతే బలమే ప్రమాదమవుతుంది. రెండు రకాల మధ్య తేడాను పేరును బట్టి, ప్రకటనను బట్టి కాక, మారినవాటినీ మారనివాటినీ విడివిడిగా రాసుకుని అంచనా వేయాలి. ఈసారి మీరు ఏ వాహనం వివరాల పత్రం చదివినా మొదట హార్స్‌పవర్ చూడండి, వెంటనే బ్రేకుల పంక్తి చూడండి.