బస్తర్ గోటుల్ సంగీతం – తరాల మధ్య పయనం

పాట తల్లి నుంచి బిడ్డకు, తండ్రి నుంచి కొడుకుకు సంక్రమిస్తుందన్నది సాధారణంగా అందరూ అంగీకరించే మాట. జోలపాటలు, ఊడ్పు పాటలు, దంపుళ్ళ పాటలు తెలుగునాట అలాగే నిలిచాయి. ఇంటిపేరుతో పాటు కళను కూడా వారసత్వంగా పొందిన కుటుంబాలు మనకు కొల్లలు. కాని గోదావరికి ఉత్తరాన, ఇంద్రావతీ తీరంలో విస్తరించిన బస్తర్ అరణ్యాలలోని మురియా గోండుల విషయంలో ఈ సూత్రం అంతగా వర్తించదు. అక్కడ యువతీయువకుల పాట ఇంటిలో పుట్టలేదు, ఇంటిలో పెరగలేదు. అది ఊరి చివర, పిల్లలే ఏలికలుగా ఉన్న ఒక పాకలో బతికింది. ఆ పాక పేరు గోటుల్.

బస్తర్ తెలుగువారికి పరాయి సీమ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అడవులు దాటి వెళ్ళి ఆ రాజ్యాన్ని నెలకొల్పాడని అక్కడి రాజవంశ కథనం. దక్షిణాన కోంటా ప్రాంతపు దోర్లాలు మన కోయలకు దగ్గరి బంధువులు. గోండుల పాటలో మాటిమాటికీ వినిపించే ‘రేల’ అనే పిలుపు భద్రాచలం మన్యం తెలిసినవారికి కొత్త కాదు. అయినా గోటుల్ అనే సంస్థ మాత్రం ప్రధానంగా బస్తర్‌కు, అందునా ఉత్తర బస్తర్ మురియాలకు ప్రత్యేకమైనది.

దీనిని స్థాపించినవాడు లింగో అని మురియాల విశ్వాసం. ఏడుగురు అన్నదమ్ములలో కడగొట్టువాడైన లింగో పద్దెనిమిది వాద్యాలను ఒక్కడే ఏకకాలంలో వాయించగలిగేవాడట. ఆ సంగీతానికి ముగ్ధులై వదినలు ఇంటిపనులు మరచిపోగా, అసూయ చెందిన అన్నలు అతణ్ణి చంపడానికి పలుమార్లు ప్రయత్నించి విఫలులయ్యారట. సంగీతం కుటుంబంలో కల్లోలం రేపడం, కుటుంబానికి వెలుపల దానికొక నెలవు ఏర్పడడం ఈ గాథలోని కీలకాంశాలు. గోటుల్ అస్తిత్వానికి కారణమేమిటో మురియాలు ఈ కథ ద్వారానే చెప్పుకున్నారనిపిస్తుంది.

వెరియర్ ఎల్విన్ 1940లలో బస్తర్‌లో పరిశోధన జరిపి 1947లో మురియాలపైన, వారి గోటుల్‌పైన బృహద్గ్రంథం ప్రకటించాడు. దాని సంక్షిప్త రూపం 1968లో, అంటే ఆయన మరణించిన నాలుగేళ్ళకు, ‘యువజనుల రాజ్యం’ అనే అర్థమిచ్చే పేరుతో వెలువడింది. పేరు సార్థకమైనదే. చెలిక్‌లు అని పిలిచే యువకులు, మొటియారిలు అని పిలిచే యువతులు సాయంకాలం కాగానే అక్కడ చేరేవారు. ప్రతి సభ్యునికీ గోటుల్‌లో వేరొక పేరు, హోదా, బాధ్యత ఉండేవి. కట్టెలు తేవడం, ఊడ్చడం, ఊరి పెళ్ళిళ్ళలో చాకిరీ చేయడం, ఆ పెళ్ళిళ్ళలోనే ఆడిపాడడం – ఇవన్నీ వారి విధులు. తప్పు చేస్తే జరిమానా విధించేదీ వారే.

సంగీతశిక్షణ అక్కడ వేరుగా లేదు. ఎనిమిది, పదేళ్ళ బాలుడు పెద్ద చెలిక్‌ల పక్కన కూర్చుని మాందరి డోలు దరువు వింటాడు. ఒకనాడు నృత్యవలయం చివర చోటు దొరుకుతుంది. కొన్నేళ్ళకు డోలు మెడలో పడుతుంది. పుష్యమాసంలో యువకులు కర్రలు చేతపట్టి ఊరూరా తిరిగి చేసే పూస్ కోలాంగ్ యాత్రలో పొరుగు గోటుళ్ళ బాణీలు చెవిన పడతాయి. మన కోలాటం ఎరిగిన పాఠకునికి ఆ కర్రల లయను ఊహించుకోవడం కష్టం కాదు. హుల్కీ పాటలలో యువతీయువకులు ప్రశ్నలు, జవాబులుగా పాడుకుంటారు. అవతలి పక్షం అడిగిన చిక్కుప్రశ్నకు అప్పటికప్పుడు బదులు కట్టాలి. పాట కంఠస్థం చేసినంత మాత్రాన ఇది సాధ్యం కాదు. రాత్రి తరువాత రాత్రి, ఏళ్ళ తరబడి ఆ గుంపులో ఉంటేనే ఆ నేర్పు అబ్బుతుంది.

పెళ్ళి అయిన వెంటనే ఈ జీవితం ముగుస్తుంది. నిన్నటి దాకా పాట ఎత్తుకున్న మొటియారి నేడు ఇల్లాలు. ఆమె చోటు మరొక అమ్మాయిది. పాట తనకంటే మూడు నాలుగేళ్ళు పెద్దవారి నుంచి వచ్చింది, మూడు నాలుగేళ్ళు చిన్నవారికి చేరింది. తల్లిదండ్రులకు అన్ని పాటలూ తెలుసు. అయినా వాటిని పిల్లలకు నేర్పవలసిన అగత్యం వారికి ఎన్నడూ కలుగలేదు. కనుక గోటుల్ సన్నగిల్లిన చోట తెగిపోయినది కేవలం ఒక ఆచారం కాదు. పాట ప్రవహించే ఏకైక కాలువ. దానికి బదులు ఇంకొక కాలువ ఆ సమాజంలో సిద్ధంగా లేదు.

గోటుల్ ఎందుకు సన్నగిల్లింది? కారణాలు అనేకం. మొదటిది బయటివారి చూపు. ఎల్విన్ సానుభూతితో రాసిన విషయాలనే ఇతరులు కుతూహలంతో చదివారు. కెమెరాలతో వచ్చినవారు కొందరు, సంస్కరించడానికి వచ్చినవారు మరికొందరు. ఆ దృష్టి సోకినచోట చదువుకున్న మురియా యువకుడు గోటుల్ పేరెత్తడానికి సిగ్గుపడ్డాడు. రెండవది ఆశ్రమ పాఠశాల. దానిని దోషమనడానికి ఎవరికీ మనసొప్పదు. అక్షరం లేక ఆ ప్రజలు పొందిన నష్టం తక్కువేమీ కాదు. అయితే సరిగ్గా డోలు మెడలో పడవలసిన వయసులో బాలుడు వసతిగృహానికి చేరుతున్నాడు. తిరిగి వచ్చేసరికి అతని ఈడువారు ఉద్యోగాలలోనో, వలసలలోనో ఉంటారు.

మూడవది సంఘర్షణ. 1980 నుంచి సాయుధ దళాలు గోదావరి దాటి బస్తర్‌లో ప్రవేశించాయి. వాటి సాంస్కృతిక బృందాలు గోండీ బాణీలకే కొత్త మాటలు కట్టి పాడాయి. ఒక తరం ఆ పాటలు వింటూ పెరిగిందన్నది చరిత్రకారుడు దాచలేని సత్యం. 2005 తరువాత సల్వా జుడుం కాలంలో దక్షిణ బస్తర్‌లో పల్లెలు ఖాళీ అయ్యాయి. వేలాదిమంది శిబిరాలకు, ఇంకెందరో నాటి ఖమ్మం జిల్లా అడవులకు తరలిపోయారు. 2011 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు వెలువడే నాటికి ఆ శిబిరాలలోనే పెరిగిన పిల్లలున్నారు. వెన్నెల రాత్రి డోలు మోగించి పొరుగూరికి నడిచి వెళ్ళడమన్నది వారి అనుభవంలో లేదు. ఉత్తరాన నారాయణపూర్, కొండగావ్ ప్రాంతాలలో గోటుళ్ళు పూర్తిగా అంతరించలేదన్నది కొంత ఊరట.

ఇటీవలి కాలంలో కనిపించే మార్పు ఈ నేపథ్యంలోనే అర్థమవుతుంది. చదువుకుని వచ్చిన యువతరం అమ్మానాన్నల పాట ఏమిటని అడగడం మొదలుపెట్టింది. ఈ ప్రశ్నకు ఊతమిచ్చినవాటిలో చేతిఫోను ఒకటి కావడం కాలమహిమ. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి ఆరంభించిన ‘సీజీనెట్ స్వర’ ఫోను ద్వారా ప్రజలు తమ మాటను తమ భాషలోనే నమోదు చేసే వీలు కల్పించింది. నీటి ఎద్దడి, జీతాల బకాయి గురించి చెప్పడానికి ఉద్దేశించిన ఆ మార్గంలో జనం పాటలు కూడా పాడారు. వారపు సంతలలో ఫోను చిప్‌లోకి పాటలు నింపి ఇచ్చే దుకాణాలు హల్బీ, గోండీ పాటలను ఊరూరా చేర్చాయి. వాటిలో చాలా భాగం కొత్త వాద్యాల హోరే అయినా, అడుగున పాత బాణీ వినిపిస్తూనే ఉంటుంది.

వాద్యాల విషయంలో నారాయణపూర్ జిల్లాకు చెందిన పండీరామ్ మండావీ కృషి చెప్పుకోదగినది. గోండ్ మురియా కళాకారుడైన ఆయనకు 2025లో పద్మశ్రీ ప్రకటించారు. దారుశిల్పంతో పాటు ఆయన చేసే ‘సులుర్’ అనే వెదురు వేణువుకు ఒక విశేషముంది: దానిని నోట ఊదనక్కరలేదు. చేత పట్టి గాలిలో తిప్పితే చాలు, మోగుతుంది. రాత్రివేళ అడవి దారిలో నడిచేవానికి అది తోడు. మృగాలను దూరంగా ఉంచే సాధనం. నగరాల హస్తకళా ప్రదర్శనలలో దానిని అలంకార వస్తువుగా కొనుక్కునేవారికి ఈ సంగతి తెలియకపోవచ్చు.

ఆ ప్రాంతమే ఒకప్పుడు ప్రపంచపు తెర మీద కనిపించింది. స్వీడన్ దర్శకుడు ఆర్నే సుక్స్‌డార్ఫ్ 1957లో మురియాల మధ్య తీసిన చిత్రంలో నారాయణపూర్ సమీపంలోని గఢ్‌బెంగాల్ గ్రామ బాలుడు చెందరు నటించాడు. ఆ చిత్రానికి సంగీతం సమకూర్చినది పండిత రవిశంకర్. ఆయన ప్రతిభను తక్కువ చేయడం కాదు గాని, పద్దెనిమిది వాద్యాల లింగో సీమను ప్రపంచం సితార్ సంగీతంతో తెలుసుకున్నది.

ఆ వాద్యాలను ఒకచోట చేర్చినవారు అనూప్ రంజన్ పాండే. హబీబ్ తన్వీర్ నయా థియేటర్‌లో నటుడైన ఆయన బస్తర్ పల్లెలలో తిరిగి వాడుక తప్పిన వాద్యాలు సేకరించి, వివిధ తెగల కళాకారులతో ‘బస్తర్ బ్యాండ్’ను తీర్చిదిద్దారు. 2019లో పద్మశ్రీ పొందారు. మాందరి, చెక్కను తొలిచి చేసే కోటోడ్కా, సన్నాయిని పోలిన మోహరి, నగారా, తుడబుడి ఒకే వేదికపై మోగుతాయి. వీటిలో కొన్ని పెళ్ళివి, కొన్ని దేవతల జాతరవి. వేర్వేరు కులాలవి, వేర్వేరు రుతువులవి. పల్లెలో ఇవి ఎన్నడూ కలిసి మోగలేదని ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. అయితే వసతిగృహంలో పెరిగిన యువకునికి తన తాతల వాద్యం తొలిసారి కనిపించే చోటు వేదికే అయినప్పుడు, ఆ వేదికను కాదనడం కూడదు.

స్త్రీల పక్షాన కథ కొంత భిన్నం. కొండగావ్, జగదల్‌పూర్ పరిసరాలలో హల్బీ భాషలో పాడే జగార్ మహాకావ్యాలు గురుమాయిల సొత్తు. కుండ మూతిపై చేట బోర్లించి, దానిపై విల్లు ఆనించి, గాట్లు పెట్టిన విల్లుబద్దను వెదురుపుల్లతో గీస్తూ, నారిని మీటుతూ వారు పాడతారు. ధనకుల్ అనే ఈ వాద్యంలోని వస్తువులన్నీ ఇంటిలోనివే. వరిపంటనే లక్ష్మిగా కొలిచే లచ్ఛ్‌మీ జగార్ రోజుల తరబడి సాగుతుంది. ఇక్కడ గురువు నుంచి శిష్యురాలికి క్రమమైన బోధన ఉన్నది గనుక తీగ పూర్తిగా తెగలేదు. 2021లో మరణించిన కొండగావ్ రచయిత హరిహర్ వైష్ణవ్ జీవితంలో అధికభాగం ఈ కావ్యాలను వినడానికి, అక్షరబద్ధం చేయడానికే వెచ్చించారు.

ప్రభుత్వం కూడా కొన్ని ప్రయత్నాలు చేసింది. 2019 డిసెంబరులో రాయ్‌పూర్‌లో జాతీయ ఆదివాసీ నృత్యోత్సవం జరిగింది. 2025లో ‘బస్తర్ పండుమ్’ పేరిట నృత్యం, గానం, వాద్యం మొదలైనవాటిలో పోటీలు జరిపారు. పండుమ్ అంటే మన పండుగే. మాటలోని బంధుత్వం స్పష్టం. పోటీ అన్నది మాత్రం గోటుల్ ఎరిగిన పద్ధతి కాదని చెప్పలేము, హుల్కీ ప్రశ్నోత్తరాలు పోటీ కాక మరేమిటి? తేడా తీర్పరిలో ఉంది. అక్కడ తీర్పు చెప్పేది అవతలి పక్షపు యువతుల నవ్వు.

ఇంటిలో నేర్చుకోవడంలో ఒక చిక్కు మిగిలి ఉంది. గోటుల్ పాటలలో పెళ్ళిపాటలు, దేవుళ్ళ పాటలు తండ్రి కొడుకుకు నిస్సంకోచంగా చెప్పగలడు. వలపు పాటలు, ఎకసెక్కాలు అలా కాదు. వరసైనవారి మధ్యనే నోరు తెరిచే ఆ పాటను తల్లి కూతురి ముందు పాడడానికి సంకోచిస్తుంది. తల్లిదండ్రుల ద్వారా అందే పాట ఆ మేరకు వడకట్టబడిన పాట. వడకట్టిన భాగంలో కొంత ఎల్విన్ గ్రంథంలో ఉన్నది, కాని ఆంగ్లానువాదంగా; బాణీ లేదు. గోండు బంధుత్వ మర్యాదలో తాతా అవ్వలకు, మనుమలకు మధ్య హాస్యానికి అడ్డు లేదు. తండ్రిని అడగలేని పాటను మనుమరాలు అవ్వను అడగవచ్చు. 1960లలో మొటియారిలుగా ఉన్నవారికి ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళు.