కౌలాస్ ఇచ్చి కొన్న సంధి

కామారెడ్డి దిక్కు కోట అనగానే అందరూ దోమకొండ గడి పేరే చెబుతారు. మా ఎల్లారెడ్డి నుంచి పిట్లం మీదుగా జుక్కల్ వైపు పోతే వచ్చే కౌలాస్ ఖిల్లాను అడిగేవారు తక్కువ. ముసునూరి వారి రాజ్యానికి చేటు మొదలైంది అక్కడే అని నా అభిప్రాయం.

1323లో తుగ్లక్ సేనలు ఓరుగల్లును పట్టుకోవడంతో కాకతీయుల పాలన ముగిసింది. ఢిల్లీ పట్టూ ఎన్నాళ్లో నిలవలేదు. ముసునూరి ప్రోలయ నాయకుడు గోదావరి సీమలో రేకపల్లి కేంద్రంగా తిరగబడ్డాడు. ఆయన తర్వాత కాపయ నాయకుడు 1336 ప్రాంతంలో ఓరుగల్లు నుంచి ఢిల్లీ తరఫు అధికారి మాలిక్ మక్బూల్‌ను వెళ్లగొట్టాడు. (ఆ మక్బూల్ ఒకప్పుడు కాకతీయుల కొలువులో ఉన్న తెలుగువాడే!) కాపయను 75 మంది నాయకులు కొలిచారని 1423 నాటి కలువచేరు శాసనం అంటుంది. చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది. ఎవరి సీమ వారిది, ఎవరి సైన్యం వారిది.

దక్కన్ అమీర్లు ఢిల్లీ మీద తిరగబడితే కాపయ వాళ్లకు సాయం పంపాడు. ఆ తిరుగుబాటులోంచే 1347లో బహమనీ రాజ్యం పుట్టింది. మూడేళ్లు గడిచాయో లేదో, సుల్తాన్ అల్లావుద్దీన్ బహమన్ షా తెలంగాణ మీదికే వచ్చాడు. కాపయ కౌలాస్‌ను అప్పగించి, కప్పం ఒప్పుకుని సంధి చేసుకున్నాడు.

ఆయన్ని పిరికివాడనడం తేలికే. కానీ అద్దంకిలో రెడ్లు, ఇటు రేచర్ల నాయకులు ఎవరి దారి వారు చూసుకుంటుంటే పడమటి హద్దుకు ఎంత సైన్యాన్ని పంపగలడు? అలాగని కౌలాస్ చిన్నాచితకా కోటా కాదు. బీదర్ వైపు నుంచి మంజీర సీమలోకి దిగేవారికి అది వాకిలి. ఆ విలువ తెలిసే కాపయ కొడుకు వినాయకదేవుడు దాన్ని తిరిగి గెలుచుకోబోయాడు. సాధ్యపడలేదు. తర్వాత బహమనీలకు చిక్కి ప్రాణాలే పోగొట్టుకున్నాడు. కొన్నేళ్లకే గోల్కొండ కూడా వాళ్లకు దక్కింది. 1368 ప్రాంతంలో భీమవరం యుద్ధంలో కాపయ చనిపోయాడు. చంపింది బహమనీలు కాదు, రేచర్ల అనపోత నాయకుడు.

బహమనీలు నూట ఎనభై ఏళ్ల దాకా లాగారు. వాళ్ల రాజ్యమూ ముక్కలయ్యాక బీదర్ బరీద్ షాహీలు, గోల్కొండ కుతుబ్ షాహీలు మళ్లీ ఈ కౌలాస్ కోసమే కొట్లాడుకున్నారు.