నోటి మద్దెల



సాయంకాలమున అరుగుమీద కూర్చున్న మనుమడు చేత ఏ వాద్యమును లేకయే పెదవులు బిగించి "బ్, ట్స్, క్, ట్స్" అని చప్పుడు చేయుచుండగా, 'ఏమిరా యీ వెఱ్ఱి?' అని మీలో కొందఱు మందలించియే యుందురు. ఆ చప్పుడునకొక చరిత్ర కలదు. దానిని అమెరికాలోని న్యూయార్కు నగరమున వెదకవలెను.

1970 తరువాతి దశాబ్దమున ఆ నగరపు ఉత్తర భాగమైన బ్రాంక్సులో ఇండ్లు వరుసగా తగులబడి, వీధులకు వీధులు పాడుపడెను. అచట మిగిలినవారు చాలవఱకు బీదలైన నల్లజాతివారును, పోర్టోరికో ద్వీపమునుండి వచ్చినవారును. 1973 మొదలు అచటి యువకులు వేడుకలలో రికార్డులందలి డ్రమ్ముల పట్టును మాత్రమే మరల మరల త్రిప్పి వినిపించుచు, దానిపై లయగా మాటలు చెప్పు పద్ధతి నేర్పఱచిరి. దానికే హిప్‌హాప్ అని పేరు.

1980లో జపాను దేశపు రోలాండ్ సంస్థ డ్రమ్ము చప్పుళ్లను విద్యుత్తుతో పుట్టించు యంత్రము నొకదానిని అమ్మకమునకు తెచ్చెను. ఇట్టివానిని 'బీట్ బాక్సు', అనగా తాళపు పెట్టె, అనుచుండిరి. దాని వెల వేయి డాలర్లకు పైమాట. వీధి మలుపున నిలుచు కుఱ్ఱవానికి అది యెట్లు చిక్కును? నోటినే పెట్టెగా జేసికొనెను. మనుష్యుని పనిని యంత్రము హరించుచున్నదని మనము నిత్యము వినుచున్నాము. ఇచట యంత్రము పనిని, దాని పేరుతో సహా, మనుష్యుడు హరించెను.

హార్లెములో పెరిగిన డగ్ ఈ. ఫ్రెష్, బ్రూక్లినువాడైన డారెన్ రాబిన్సన్ ఈ విద్యకు తొలినాళ్ల ప్రసిద్ధులు. వీరిలో ఎవరు ముందన్న వివాదములోనికి నేను దిగను. రాబిన్సన్ స్థూలకాయుడు. తన ఆయాసమునే, లోనికి పీల్చి వెలికి విడుచు ఊపిరినే, తాళమున కలిపెను. అతడును ఇద్దఱు మిత్రులును 1983లో రేడియో సిటీ మ్యూజిక్ హాలున జరిగిన పోటీలో గెలిచి, ఫ్యాట్ బాయ్స్ అను పేర ప్రసిద్ధికెక్కిరి. పాపము, 1995 డిసెంబరున, 28 ఏండ్ల ప్రాయముననే, గుండె ఆగి మరణించెను. తరువాతివాడైన రాజెల్ 1999 నాటి రికార్డులో పాటను, తాళమును ఒక్క నోటనే ఏకకాలమున పలికించెను.

ఇది మన కొన్నగోలునుండియే అచటికి పోయెనని కొందఱనుట నాకు సమ్మతము కాదు. మృదంగము నేర్చు శిష్యుడు చేతికంటె ముందు నోటితో "తకధిమి" పలుకును. ఆ పలుకులో అచ్చు స్పష్టముగ వినబడును. అది వాద్యమునకు భాష. బ్రాంక్సు, బ్రూక్లిను బాలుని ధ్వని అట్టిది కాదు. క్రొత్తగా నేర్చువారిచే "బూట్స్ అండ్ క్యాట్స్" అని, బూట్లు, పిల్లులు అను అర్థముగల మాటలను, వల్లె వేయింతురు. అందలి అచ్చులను తీసివేసినచో పెదవుల "బ్" పెద్ద డ్రమ్మగును, పండ్లవెనుక "ట్స్" కంచు తాళమగును, "క్" చిన్న డ్రమ్మగును. మనది అజంత భాష. ప్రతి పొల్లునకును చివర అచ్చు చేర్చుకొన జూచు నాలుక మనది. కావున తెలుగు బాలునకు ఈ పొల్లుమాటలే మొదటి కష్టము.

2013లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పండితులు, అయస్కాంతశక్తితో దేహాంతర్భాగమును చిత్రించు యంత్రమున నొక కళాకారుని ఉంచి, అతడు చప్పుడు చేయుచుండగా నాలుక కదలికలను చూచిరి. అతనికి తెలిసినవి ఇంగ్లీషు, స్పానిషు మాత్రమే. అయినను ఆ రెంట లేని ధ్వనులెన్నో, ఆఫ్రికా దక్షిణ భాగపు భాషలలో అక్షరములుగా వాడు నాలుక చప్పుళ్లతో సహా, అతని నోట వెలువడెను. ఎద్దులను అదలించుటకు బండివాడు చేయు "టక్కు" ఆ జాతిదే.

దీనిని వినోదముగా చేపట్టువానికి ఖర్చు లేదు. గొంతు పొడిబాఱక మునుపే నీరు త్రాగవలెను, ఒరసుకొనుచున్నచో ఆపవలెను. బిగ్గరగా చేయుటకంటె మెల్లగా, సమముగా చేయుట కష్టము. దానినే ముందు సాధించవలెను. మీ మనుమడు నడుమ ఊపిరి చాలక ఆగిపోవుచున్నాడా? "క్" అను చప్పుడును గాలి లోనికి పీల్చుచు పలుకుమనుడు. తాళము తెగదు, ఊపిరియు అందును.