నానమ్మ పడుకుని చూసిన మంచం

డాలస్ శివారు. పదయినా కాలేదు, ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. మోటార్‌హోమ్ డీలర్ ఆవరణలో తెల్లటి బండ్లు వరసలుగా ఆగి ఉన్నాయి. మీ పిల్లలిద్దరూ అన్నిటికన్నా పెద్దదాన్లోకి దూరిపోయారు. బస్సంత క్లాస్-ఎ మోటార్‌హోమ్ అది. సేల్స్‌మన్ టీవీ పెట్టి చూపిస్తున్నాడు. కానీ మీరు వెళ్ళాలనుకునే నేషనల్ పార్కుల్లోని పాత క్యాంపుల్లో ఇంత పొడవు బండి పట్టే జాగాలు తక్కువ. మీరు దిగిపోతారు. ట్రైలర్ల వైపు వెళ్ళరు, లాగడానికి మీకు ట్రక్కు లేదు.

పక్కన క్లాస్-బి, పొట్టి వ్యాన్. గ్లేసియర్ పార్కులో కొండనంటుకుని సాగే గోయింగ్-టు-ద-సన్ రోడ్డు నడిమి భాగంలోకి 21 అడుగులు మించిన బండిని రానివ్వరు. ఇదైతే వెళ్తుంది. కానీ హాయిగా పడుకునేది ఇద్దరే. మీరు ఐదుగురు.

క్లాస్-సి ఎక్కుతారు. డ్రైవర్ నెత్తిమీద ఒక మంచం, వెనక ఒకటి. మధ్యలో భోజనాల బల్ల రాత్రికి పరుపవుతుంది. మీ అమ్మ నిచ్చెన మీద ఒక కాలు వేసి ఆగిపోతుంది.

"నావల్ల కాదురా."

"నానమ్మా, ఇది నాదే!" పైనుంచి మీ వాడు తొంగిచూస్తున్నాడు.

అమ్మ వెనక మంచం మీద నడుం వాలుస్తుంది. ఒక పక్క గోడ. రాత్రి లేవాలంటే మనవరాలిని దాటుకుని దిగాలి. కుదరదు. ఆ పక్క బండిలో మంచానికి రెండు వైపులా దారుంది, కాళ్ళ దగ్గరే బాత్రూమ్. అమ్మ లోపలికెళ్ళి, తలుపేసుకుని, కూర్చుని, "మోకాళ్ళు తగలట్లేదు" అని కేకేస్తుంది. ఏ బ్రోషర్‌లోనూ ఉండని సంగతి ఇది. నా దృష్టిలో టీవీలన్నిటికన్నా విలువైనది.

తలుపు దగ్గర చిన్న స్టిక్కర్ మీద వంగి చూస్తారు. బండిలో పడకలు ఆరుగురికి ఉన్నా, సీటుబెల్టులు ఐదే. బండి నడిచేటప్పుడు లెక్క బెల్టులదే. మనుషులు, సామాను కలిపి 1,250 పౌండ్లు మించకూడదు. మీ ఐదుగురి బరువే 600. మంచినీళ్ళ ట్యాంకు 40 గ్యాలన్లు. గ్యాలన్ 8.3 పౌండ్ల చొప్పున 332. మిగిలింది 318. బియ్యం, కుక్కరు, ఇడ్లీ పాత్ర, దుప్పట్లు, మడత కుర్చీలు, సైకిళ్ళు అన్నీ అందులోనే. మీ ఆవిడ ఫోన్లో కూడుతూ సైకిళ్ళని జాబితాలోంచి కొట్టేస్తుంది. నీళ్ళు కొంచెమే పోసుకుని బయల్దేరి, క్యాంపు చేరాక నింపుకుందామంటుంది.

తర్వాత తనే, గోడని బయటికీ లోపలికీ జరిపే స్లైడ్-అవుట్ బటన్ నొక్కుతుంది. గోడ మెల్లగా లోపలికి జరుగుతుంది. దారిలో రెస్ట్ ఏరియాలో ఆగితే బండి ఉండేది ఇలాగే. ఫ్రిజ్ తలుపు లాగుతుంది. బెత్తెడు తెరుచుకుని బల్లకి కొట్టుకుంటుంది. పెరుగు గిన్నె బయటికి రాదు.

"ఇదే పొడవులో స్లైడ్ లేనిది ఉందా?" అని అడుగుతుంది.

ఉంది, రెండు వరసల అవతల. పిల్లలు అప్పుడే పరుగెత్తారు. అమ్మ చెప్పులు వేసుకుంటోంది, అందులోనూ పడుకుని చూడాలిగా.