లంద మీద జామచెట్టు

పుస్తకాల్లో పెరటిచెట్ల గురించి చదివినప్పుడల్లా నాకు ఒకటే అనుమానం. పెరడంటే ఇంటెనక గోడ, గోడలోపల బావి, బావిగట్టున అరటిచెట్లు, ఓ మూల కరివేపాకు, ఇంకో మూల మల్లెపందిరి. బళ్ళో తెలుగువాచకంలో ఇదంతా కంఠతా పట్టాను గానీ ఒంగోలుకి పడమటేపున్న మా మాదిగపల్లెలో అట్టాంటిది ఒక్కటీ కనపళ్ళేదు. మాకు పెరడు లేదు, దొడ్డి ఉండేది. దొడ్లో బావి లేదు, లంద ఉండేది.

లందంటే తెలవనోళ్ళకి చెప్తాను. తోళ్ళు ఊరేసే గుంట. చచ్చిన గొడ్డు తోలు తెచ్చి ముందు సున్నంనీళ్ళలో నానేస్తారు. బొచ్చూ, అంటుకున్న కండా గీకేస్తారు. తర్వాత దంచిన తంగేడుచెక్క నీళ్ళలో, కరక్కాయ కూడా కలిపి, వారాల తరబడి ఊరేస్తే అప్పుడు తోలు పదునెక్కుద్ది. ఆ కంపు ఊరోళ్ళకి మా పేరుతో పాటే గుర్తొచ్చేది. కానీ ఆ తోలు లేకుండా వాళ్ళకి పూట గడిచేది కాదు. కాళ్ళకి చెప్పులు, ఎద్దులకి పట్టీలు, అన్నిటికన్నా ముఖ్యం మోటబావికి తోలుబొక్కెన. మాది మెట్టప్రాంతం. కాలవ లేదు. ఊరోళ్ళ మిరపతోటలూ కూరమళ్ళూ మా తాత కుట్టిన తోలులోంచి నీళ్ళు తాగి పెరిగినయ్యే. తోలు దిగిన బావిలోకి తోలు కుట్టినోడు దిగగూడదు. ఈ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

1960ల్లో ఆయిలింజన్లూ, కరెంటు మోటార్లూ వచ్చినై. బాటా చెప్పులు, టైరు చెప్పులు వచ్చినై. తోలుబొక్కెన అడిగేవాడు లేడు. మోటార్ల రాకని వ్యవసాయాభివృద్ధి అని చరిత్రలో రాస్తారు. రైతుకి అభివృద్ధే. మా లంద మాత్రం ఎండిపోయింది. ఏడాదికింత అని మా తాతకి కొలిచే గింజలు ఆగిపోయినై, కూలిపని ఒక్కటే మిగిలింది. రెండేళ్ళు ఆ గుంట అట్టాగే పడుంటే, ఓ వానాకాలం తాత డొంకలోంచి గంపలతో మన్ను మోసి దాన్ని పూడ్చాడు. దాని మీద జామమొక్క పెట్టాడు.

ఆ మొక్క ఒంగోలు మిషను బంగళా కాంపౌండులోది. మా అవ్వ తమ్ముడు అక్కడ తోటపని చేసేవాడు. మిషనుతో మావోళ్ళ సంబంధం ధాత కరువు నాటిది. 1876 నుంచి 78 దాకా సాగిన ఆ కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకంలో ఓ ముక్క కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి పని చూపించాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మిషను చరిత్రల్లో ఉంది. కూటికోసం మతం మారారని ఎక్కిరించినోళ్ళున్నారు. కూలి ఇచ్చి మనిషిగా పిల్చినోడి దగ్గరికి పోవటంలో ఎక్కిరించాల్సిందేముందో వాళ్ళే చెప్పాలి. మా అవ్వ దగ్గరున్న కరువు చరిత్రలో దొరలకన్నా చెట్లే ఎక్కువ. తేగలు, తాటిపండ్లు, రేక్కాయలు, నానేసి ఉడకేసిన చింతగింజలు. "తాళ్ళు లేకపోతే మనం లేం బిడ్డా" అనేది. ఏ చెట్టు ఎవరిని బతికించిందో ఏ గెజిటీరూ రాయలేదు.

జామచెట్టు లంద మీద ఎట్టా పెరిగిందనుకున్నారు! పక్కనే పెట్టిన బొప్పాయి చచ్చిపోయింది గానీ ఇది మూడో ఏటికే విరగకాసింది. లోపల ఎర్రగా ఉండే గింజల కాయ. సీతాఫలం, గంగిరేగు, ఓ ఉసిరి కూడా ఉండేవి మా దొడ్లో. వాటికి మాత్రం జామకొచ్చినంత పేరు రాలేదు. అవ్వ గంపకెత్తుకుని ఊళ్ళోకి పోయేది. నేను వెనక. ఆసామి గారింటి ముందు గంప దించి నాలుగడుగులు ఎనక్కి జరగాలి. అమ్మగారు చెంబుతో కాయల మీద నీళ్ళు చిలకరించి ఏరుకునేది. డబ్బులు అరుగు మీద నుంచి కింద పడేసేది. వండిన మెతుక్కీ, తాగే నీళ్ళకీ మైల గానీ పచ్చికాయకి లేదంట. చెంబుడు నీళ్ళతో పోయేదంట. బళ్ళో కూడా అంతే. మధ్యాన్నం నా జేబులో కాయలకి ఊరి పిల్లలు ఎగబడేవాళ్ళు. ఒకరోజు ఒకడు "ఒరే, అది లంద మీద కాసిన కాయరా" అన్నాడు. నోట్లో ఉన్నది ఉన్నట్టు ఊసేశారు. మేష్టారు మాత్రం లెక్కలు దిద్దతా దిద్దతా రెండు కాయలు సంచీలో ఏసుకునేవాడు.

పెద్దయ్యాక తెల్సింది, జామ అసలు ఈ దేశపుదే కాదని. బొప్పాయి, జీడిమామిడి, సీతాఫలం, మొక్కజొన్న, అన్నీ అమెరికా ఖండాల నుంచి సముద్రం దాటొచ్చినయ్యే. ఇయ్యాల వినాయకచవితికి పాలవెల్లికి ఏం కడతారో చూడండి. జామకాయ, సీతాఫలం, మొక్కజొన్నపొత్తు. నాలుగైదువందల ఏళ్ళ కిందట ఓడలు దిగినయ్యి దేవుడి నెత్తిమీదకెక్కినై. సీతాఫలానికైతే ఏకంగా సీతమ్మ పేరే పెట్టుకున్నారు. ఈ నేల మీదే పుట్టి పెరిగినోళ్ళం మేం.

జామ కన్నా పెద్ద కథ చింతచెట్టుది. దొడ్డికీ డొంకకీ మధ్యలో ఉండేది. మా తాత వాళ్ళ నాయన పెట్టింది. ఇద్దరు చేతులు చాపినా అందేది కాదు మాను. మా ఇల్లున్నది గ్రామనత్తం. చెట్టున్నది డొంక పోరంబోకు. ఈ రెండు మాటల తేడా మాకు తెలవదు, కరణంగారికి తెల్సు. పోరంబోకు చెట్లకి ఏటా పంచాయతీ పాట పెట్టేది. పాడేది ఆసామి. చెట్టెక్కి దులిపేది మా నాయన. కాయ కొట్టి, పీచు తీసి, గింజ ఒలిచేది మా అమ్మ. గుజ్జు బండికెక్కి ఒంగోలు పోయేది, కూలి కింద మాకు గింజలు మిగిలేయి. "మన చెట్టుకే మనం కూలికి పోతన్నాం" అనేది అమ్మ, నవ్వతానే.

తాత ఒకసారి కరణంగారి అరుగుముందు నిలబడి అడిగాడంట. "అయ్యా, ఆ చెట్టు మా నాయన పెట్టిందయ్యా. మా పేర్న రాయండయ్యా."

"పెడితే పెట్టాడులేరా. నేలెవుడిది? నేల సర్కారుదైతే దాని నీడ కూడా సర్కారుదే."

కానీ బ్రిటిషోళ్ళ నాటి బోర్డు స్టాండింగ్ ఆర్డర్లలో చెట్టుపట్టా అనేదొకటి ఉంది. నేల సర్కారుదే, ఫలసాయం పట్టా ఉన్నోడిది. ఈ సంగతి మా తాతకి చెప్పినోడు లేడు. నేను డిగ్రీ చదివేటప్పుడు తెలుసుకుని నాయన చేత 1982లో తాలూకాఫీసులో అర్జీ పెట్టించాను. విచారణకి కరణంగారికే పంపారు. ఆయన కట్టి పక్కన పెట్టాడు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణీకాలు, మునసబీలు రద్దు చేసినప్పుడు మా పల్లెలో డప్పులు కొట్టారు. కరణీకం పోయింది గానీ మా ఊరి కాయితాలు ఆయనింటి పెట్టెలోంచి చాన్నాళ్ళు బయటికి రాలేదు.

ఆ మరుసటేడు జులై 17న కారంచేడు జరిగింది. ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగిలినోళ్ళు ఇళ్ళొదిలి చీరాల చేరారు, మళ్ళీ పోలేదు. మా పల్లె నుంచి బియ్యం పోగేసి పంపాం. వాళ్ళు గొడ్డూ గోదా, గిన్నే చెంబూ వదిలేసి వచ్చిన సంగతి అందరూ చెప్పుకున్నారు. నాయన మాత్రం ఇంటికొచ్చి దొడ్లో కూచుని, "చెట్లు కూడా వదిలేసొచ్చారు గదరా" అన్నాడు. అర్జీ సంగతి ఆయన ఆ తర్వాత ఎత్తలేదు. నేను ఎత్తితే ఊరుకోమన్నాడు.

చీమకుర్తి గ్రానైటు లారీలు పెరిగాక డొంక రోడ్డయింది. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు. 1993లో చింతచెట్టు కొట్టారు. రెండు రోజులు పట్టింది. నష్టపరిహారం అడిగితే ఒక ఆఫీసరు రిజిస్టరు తిప్పి, చెట్టు మీ పేర్న లేదుగా అన్నాడు. అదే రోడ్డు కింద దొడ్డి సగం పోయింది. జామచెట్టు ఆ సగంలోనే ఉంది. వేళ్ళు పెకలిస్తే అడుగున నల్లగా, ఇంకా తంగేడు వాసనేసే మన్ను పైకొచ్చింది. నాయన దాన్ని గుప్పెట్లోకి తీసుకుని వాసన చూశాడు. ఏం మాట్లాడలేదు.

ఎమర్జెన్సీ కాలంలో ఇరవై సూత్రాల పేర మా పక్క వీధిలోళ్ళకి మూడేసి సెంట్లు పట్టాలిచ్చారు. మూడు సెంట్లంటే 145 గజాలు. ఇల్లేసుకున్నా ఎనక ఓ మునగచెట్టుకి చోటుండేది. 2020 డిసెంబరులో ఆంధ్రలో ఇచ్చిన ఇళ్ళపట్టాలు పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. మా చెల్లెలికి వచ్చింది సెంటున్నరే. 653 చదరపు అడుగులు. కొబ్బరిచెట్టుకీ చెట్టుకీ 25 అడుగుల ఎడం ఉండాలంటారు తోటల శాఖోళ్ళు. అంటే ఒక్కో చెట్టుకి 625 అడుగులు. ఒక కొబ్బరిచెట్టుకి సరిపడా నేలలో మా చెల్లెలు, మొగుడు, ఇద్దరు పిల్లలు, అత్త.

ఆ ఇంట్లో దొడ్డి లేదు, డాబా ఉంది. చెల్లెలు నీలం ప్లాస్టిక్ డ్రమ్ము అడ్డంగా కోయించి, మట్టి నింపి, ఒంగోలు నర్సరీ నుంచి జామమొక్క తెచ్చి పెట్టింది. లక్నో 49 అంట, అంటు కట్టిందంట. అంటు అన్న మాట విని వాళ్ళత్త ఉలిక్కిపడితే ఇద్దరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. రెండో ఏడే కాసింది, ఏడు కాయలు. లోపల తెలుపు, గింజలు తక్కువ. నాకు మూడిచ్చి పంపింది.